ఒంటి తుమ్ము

చింతలగరువు పురపాలక సంఘానికి పిల్లుల మీద ప్రేమ ఎప్పుడు పుట్టిందో చెప్పడం కష్టం గానీ, ఎందుకు పుట్టిందో అందరికీ తెలుసు. పక్క ఊరి పురపాలక సంఘం వాళ్ళు కుక్కలకు ఆశ్రమం కట్టించి, రిబ్బను కత్తిరించి, పేపర్లో ఫొటో వేయించుకున్నారు. కుక్కల్ని వాళ్ళు తీసేసుకున్నారు కాబట్టి మనకు మిగిలింది పిల్లులేనని కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించింది. పాత బందెలదొడ్డికి సున్నం కొట్టి, గోడ మీద నవ్వుతున్న పిల్లి బొమ్మ వేసి, ‘మార్జాల సంక్షేమ సంరక్షణ సమన్వయ కేంద్రం’ అని బోర్డు పెట్టారు. అంత బోర్డు చదివే ఓపిక లేని జనం దాన్ని పిల్లులాస్పత్రి అన్నారు.

కేంద్రానికి సూపరింటెండెంటుగా కుక్కుటేశ్వరరావుగారిని వేశారు. ఆయన అంతకుముందు జనన మరణాల విభాగంలో పనిచేశారు. సర్టిఫికెట్టు చేతికి రాందే మనిషి పుట్టినట్టూ కాదు, పోయినట్టూ కాదన్న నమ్మకంతో సర్వీసంతా గడిపిన మనిషి. డాక్టరుగా హైమవతి అనే అమ్మాయి వచ్చింది. ఆ అమ్మాయికి పాపం పశువైద్యం తప్ప మరేమీ రాదు.

కేంద్రం తెరిచిన కొత్తలోనే పైనుంచి ఒక ఆదేశం వచ్చింది. అంటు వైరస్ సోకిన పిల్లులను మిగిలిన పిల్లులకు దూరంగా ఉంచవలెను. అంతే, ఒక్క వాక్యం. డాక్టరమ్మ ఆ పని ఒక్క మధ్యాహ్నంలో చేసేసింది. ముక్కులు కారుతూ, కళ్ళు పుసులు కట్టిన మూడు పిల్లుల్ని వెనకగదిలో పెట్టింది. వాటి పళ్ళేలు వేరు, గుడ్డలు వేరు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి పెట్టి, జబ్బువాటి దగ్గరికి ఆఖర్న వెళ్ళమనీ, వెళ్ళొచ్చాక చేతులు కడుక్కుని కోటు మార్చుకోమనీ అటెండరు గవర్రాజుకు చెప్పింది. గుమ్మంలో బ్లీచింగు నీళ్ళ పళ్ళెం పెట్టించింది. ఒంట్లో వైరస్ ఉన్నా ఏళ్ళ తరబడి హాయిగా బతికే పిల్లులుంటాయనీ, అటువంటివాటిని వేరే పిల్లి లేని ఇంటికి పెంపకానికి ఇచ్చేయొచ్చనీ కూడా చెప్పింది.

ఇదంతా విని కుక్కుటేశ్వరరావుగారికి అన్నం సహించలేదు. ఒక్క పూటలో తెమిలిపోయేది పరిపాలన ఎలా అవుతుంది?

“డాక్టరుగారూ, పిల్లుల్ని వేరే పెట్టారు, బాగుంది. మరి విధానం ఏదీ?” అని అడిగారు.

“వేరే పెట్టడమే విధానం కదండీ.”

“అది పని. విధానమంటే పని మొదలయ్యే ముందు జరగవలసినది.”

అలా విధానం మొదలైంది.

విధానంలో మొదటి మెట్టు మార్జాల ఆరోగ్య వారోత్సవాలు. జీపుకి మైకు కట్టి, “మీ పిల్లి ఆరోగ్యం, మన ఊరి సౌభాగ్యం” అని వీధివీధినా చెప్పుకుంటూ వెళ్ళారు. ఆ వెళ్ళడంలో జీపు మెరకవీధిలో వరహాలమ్మ పిండిమర ముందు ఆగింది.

వరహాలమ్మ మొగుడు పోయాక ఆ మరను ఒంటిచేత్తో నడుపుకొస్తోంది. ఇంట్లో రెండో ప్రాణి అంటే దొరబాబు ఒక్కడే. మూడేళ్ళ కిందట ముసురు పట్టిన రోజుల్లో తడిసి ముద్దయి వచ్చి, మర కింద దూరి, మళ్ళీ పోనన్న పిల్లి అది. ఒళ్ళంతా నలుపు, మూతి మాత్రం తెలుపు. పిండి కొట్టుకుని అలా ఉందేమోనని ఆవిడ మొదట్లో గుడ్డ పెట్టి తుడిచేది కూడా. వాడొచ్చాక మరలో ఎలకన్నది కనపడలేదు. అంతకన్నా ముఖ్యం, పొద్దున్న లేస్తే ఆవిడకు మాట్లాడ్డానికి ఒకడున్నాడు. ఎవరి బియ్యంలో రాళ్ళున్నాయో, ఎవరి కోడలు మొహం మాడ్చుకుని వచ్చిందో, అన్నీ వాడితోనే చెప్పేది. వాడు కళ్ళు సగం మూసుకుని వినేవాడు.

ఆ రోజు మరలో పెళ్ళివారి మిరపకాయలు ఆడుతున్నాయి. దొరబాబు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కుక్కుటేశ్వరరావుగారు ఉపన్యాసం ముగించి, జీపెక్కి, “ఇక పోనీ” అన్నారు. సరిగ్గా అప్పుడు దొరబాబు తుమ్మాడు. ఒక్కటే తుమ్ము.

చింతలగరువులో ఒంటి తుమ్ముకు ఎంతటివాడైనా ఆగవలసిందే. పెళ్ళిచూపులకు బయల్దేరినవాడు ఆగుతాడు, ఆస్పత్రికి బయల్దేరినవాడూ మూలుగుతూనే ఆగుతాడు. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, రెండో తుమ్ము వస్తే జంటయింది కాబట్టి శుభమని లేస్తారు. సూపరింటెండెంటుగారు కూడా జీపు దిగి మర ముందు బెంచీ మీద కూర్చున్నారు. వరహాలమ్మే ఆయనకు చెంబుతో నీళ్ళిచ్చింది. అందరూ రెండో తుమ్ము కోసం దొరబాబు వంక చూశారు. దొరబాబు చెయ్యి నాక్కున్నాడు.

“గవర్రాజూ, పిల్లి ఒక్కసారే తుమ్మింది. గమనించావా?”

“గమనించేనండి.”

“రెండోది రాలేదు.”

“రాలేదండి.”

“అనుమానిత కేసు. పట్టు.”

వరహాలమ్మ అడ్డం వచ్చింది. “అయ్యయ్యో, అదేంటండి బాబుగారూ! జబ్బూ లేదు గిబ్బూ లేదండి. మిరపకాయలాడుతుంటే తుమ్మేడండి. మనిషన్నవాడైనా తుమ్ముతాడు గదండీ!”

“మీరు వైద్యులా?”

“కాదండి.”

“నేనూ కాదు. అందుకే నిబంధన ప్రకారం పోతున్నాను.”

దొరబాబును వల సంచీలో వేశారు. జీపు సందు తిరిగేదాకా వాడి అరుపు వినిపిస్తూనే ఉంది. వరహాలమ్మ మర ఆపడం కూడా మర్చిపోయి నిలబడిపోయింది. పెళ్ళివారి కారం మాడు వాసనొచ్చింది.

మర్నాడు ఆవిడ పొద్దున్నే చేపముక్కలు వండి, గిన్నెలో పెట్టుకుని కేంద్రానికి వెళ్ళింది. దొరబాబును ఒంటరిగదిలో పెట్టారు. గది తలుపుకి ఊచలు, ఊచలకు ఎర్రజెండా. డాక్టరమ్మ అప్పటికే రక్తం తీసి పరీక్ష చేసేసింది.

“ఏం లేదమ్మా, శుభ్రంగా ఉన్నాడు. కారం ఘాటుకి తుమ్మాడంతే. తీసుకెళ్ళిపోవచ్చు” అంది హైమవతి.

“మీ నోటి మాటకేం గానీ,” అన్నారు కుక్కుటేశ్వరరావుగారు వెనకనుంచి. “డాక్టరుగారూ, ఇక్కడికొచ్చాక ఈ పిల్లి తుమ్మిందా?”

“లేదండి. అందుకేగా పంపేద్దామంటున్నాను.”

“అక్కడ తుమ్మింది, ఇక్కడ తుమ్మడం లేదు. అంటే ఏమిటి? అధికారుల ఎదుట లక్షణాలు దాచిపెడుతోంది. ఇటువంటి కేసులే సమాజానికి అత్యంత ప్రమాదకరం. పరిశీలన కొనసాగించవలసి ఉంది.”

“ఎందాకానండీ?” అంది వరహాలమ్మ.

“లక్షణాలు బయటపడేదాకా.”

“బయటపడితే పంపిస్తారాండి?”

“బయటపడ్డాక ఎలా పంపుతామమ్మా? అంటురోగం కదా.”

వరహాలమ్మ ముందుకు జరిగింది. ఊచల్లోంచి వేళ్ళు దూర్చి దొరబాబు తల నిమిరింది. వెంటనే గవర్రాజు వచ్చి, ఆవిడ చేతులు బ్లీచింగు నీళ్ళతో కడిగించి, ఆవిడ్ని కూడా ‘దగ్గరి పరిచయస్తురాలు’ అని రాసుకున్నాడు. చేపముక్కల గిన్నె మాత్రం లోపలికి తీసుకున్నారు.

ఆ రోజునుంచి ఆవిడ కాళ్ళరిగేలా తిరిగింది. మరలో ఎలకలు మళ్ళీ దిగాయి. ఆడించుకోవడానికి తెచ్చిన సంచులకు చిల్లులు పడ్డాయి, జనం ముఖాలు చిట్లించుకుంటున్నారు. ఎలకల సంగతి ఎలాగైనా ఓర్చుకునేదే. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే తలుపు వెనక కాళ్ళకు చుట్టుకునే ప్రాణి లేకపోవడం ఆవిడ తట్టుకోలేకపోయింది. అన్నం కలుపుకుంటూ అలవాటుకొద్దీ ఒక ముద్ద పక్కన పెట్టి, ఆ ముద్ద చూసి ఏడ్చింది.

ఇదిలా ఉండగా ప్రాణిమిత్ర మండలి అధ్యక్షురాలు కాదంబరిగారు రంగంలోకి దిగారు. ఈవిడ ఊళ్ళో పెద్ద డాబా ఉన్న మనిషి, సభల్లో కన్నీళ్ళు పెట్టుకోవడంలో ఈవిడకు మంచి పేరు. దొరబాబు గదికి కట్టిన ఎర్రజెండా చూసి ఈవిడ మనసు కలతపడింది. వరహాలమ్మ ఆశగా దగ్గరికెళ్ళి నిలబడింది.

“ఒక నోరులేని జీవిని ‘రోగి’ అంటారా? ‘అనుమానితుడు’ అంటారా? ఎంత అవమానం!” అన్నారు కాదంబరిగారు.

“అదేనండి నేనూ అంటున్నాది. వదిలేయమనండి” అంది వరహాలమ్మ.

“వదలడం కాదమ్మా, గౌరవించాలి. ఇకనుంచి ‘వైరస్ సహజీవనశీలి’ అనాలి. ఇంకోటి చూడండి. పిల్లి తుమ్మితే గదిలో పెట్టి తాళం వేస్తున్నారు. అదే మనిషి తుమ్మితే ‘చిరంజీవ’ అంటున్నారు. ఇది పచ్చి వివక్ష కాదూ?”

కుక్కుటేశ్వరరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అంత గొప్ప లోపం తన విధానంలో ఉండిపోయిందని తెలిసి ఆయన చలించిపోయారు. “అమ్మా, కళ్ళు తెరిపించారు. సమానత్వం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఇకపై కేంద్రం విధుల్లోగాని, ఆవరణలోగాని ఒంటి తుమ్ము తుమ్మినది ఎవరైనా సరే, పిల్లి అయినా మనిషి అయినా, అదే గది, అదే పళ్ళెం, అదే పరిశీలన.”

డాక్టరమ్మ తల పట్టుకుంది. “సార్, పిల్లి జలుబు మనుషులకు అంటదండీ. ఈ వైరస్ వేరు, ఆ వైరస్ వేరు.”

“వైరస్‌లు వేరు కావచ్చు, న్యాయం ఒక్కటే” అన్నారు కాదంబరిగారు. ఆ మాట మర్నాడు కేంద్రం గోడ మీద రంగులతో రాయించారు.

కొత్త నిబంధనకు మొదట దొరికినవాడు నీటిపన్ను వసూలుకు వచ్చిన బిల్లు కలెక్టరు. గుమ్మంలో బ్లీచింగు వాసనకు పాపం ఒక్కటి తుమ్మాడు. రెండోదాని కోసం ముక్కు దగ్గర బీడీ పొగ పెట్టుకుని నానా తంటాలు పడ్డాడు గానీ రాలేదు. లక్షణాలు దాచలేదు కాబట్టి వారం గడువుతో అతన్ని నాలుగో గదిలో పెట్టారు. పూటకో గుడ్డు, గ్లాసుడు పాలు, మధ్యాహ్నం చేపలకూర. గోడకు నవ్వుతున్న పిల్లి బొమ్మ. గడువు తీరాక తలుపు తీస్తే అతను లేవలేదు. ఒంట్లో ఇంకా నలతగానే ఉందనీ, పరిశీలన పొడిగించమనీ దండం పెట్టి అడిగాడు. ఈ వార్త పొక్కాక పురపాలక సంఘం సిబ్బందిలో చాలామందికి కేంద్రంలో పనులు పడ్డాయి. అందరూ ఆవరణలోకి రాగానే సూర్యుడి వంక చూసి తుమ్మేవారు. ఒక్కటే తుమ్మి టక్కున ముక్కు మూసుకునేవారు.

గదులు నిండిపోతుంటే పిల్లుల్ని బయట చావట్లో సర్దారు. దొరబాబును మాత్రం కదపలేదు. అతి ప్రమాదకరం కదా.

వరహాలమ్మ ఒకరోజు ఉండబట్టలేక సూపరింటెండెంటుగారి బల్ల ముందు కూలబడింది. “బాబుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటానండి. వాడు తుమ్మింది కారానికండి. నమ్మకపోతే మా మరకొచ్చి చూడండి, మీకే తెలుస్తాది. నా పిల్లోణ్ణి నాకిచ్చేయండి.”

కుక్కుటేశ్వరరావుగారు ఆలోచించారు. ఆయన చెడ్డమనిషి కాదు. కన్నీళ్ళు చూస్తే ఆయనకూ బాధే. “అమ్మా, మీరన్నది ‘కారణ వాదన’. దానికి స్థల పరిశీలన ఉంటుంది. సంఘాన్ని వేస్తాను. నిజమని తేలితే ఆ క్షణమే విడుదల ఉత్తర్వు మీద సంతకం పెడతాను.”

వరహాలమ్మ ఆ రోజు ఇంటికెళ్ళి, దొరబాబు పడుకునే గోనెసంచి ఉతికి ఆరేసింది.

పరిశీలన సంఘంలో సూపరింటెండెంటుగారు, కాదంబరిగారు, డాక్టరమ్మ ఉన్నారు. గవర్రాజు జీపు దగ్గరే ఉండి ఎవరినీ రానీయకుండా కాపలా కాయాలి. ముగ్గురూ మరలోకి అడుగుపెట్టేసరికి మర ఆగి ఉంది. వరహాలమ్మ శుభ్రంగా ఊడ్చి, ముగ్గు పెట్టి, కుర్చీలు వేసింది.

“ఇదేమిటి? ఘాటు ఎక్కడా లేదే?” అన్నారు కుక్కుటేశ్వరరావుగారు.

“మీరొస్తన్నారని ఆపేనండి. కారం ఆడుతుంటే మీరు నిలబడలేరండి.”

“అలా కుదరదు. పరిశీలన యథార్థ స్థితిలో జరగాలి. సంఘటన నాడు ఏ సరుకు, ఎంత వేగంతో ఆడిందో అలాగే ఆడించండి.”

“బాబుగారూ, వొద్దండి. గుడ్డ కట్టుకోండి పోనీ.”

“గుడ్డ కట్టుకోడానికి మేమేమన్నా దొంగలమా? పిల్లి కట్టుకుందా? కట్టుకోలేదు. మేమూ కట్టుకోం.”

“సమానత్వం” అన్నారు కాదంబరిగారు తల ఊపుతూ.

డాక్టరమ్మ మారుమాట లేకుండా కొంగు ముక్కుకి గట్టిగా చుట్టుకుంది. కుక్కుటేశ్వరరావుగారు అది గమనించి, సంఘ సభ్యురాలిగా నిష్పాక్షికత పాటించమని విప్పించారు. వరహాలమ్మ ఒక సంచి ఎండుమిరపకాయలు తొట్టిలో పోసి మీట నొక్కింది.

ఏం చెప్పాలి! మర నాలుగు తిప్పులు తిరిగేసరికి కుక్కుటేశ్వరరావుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. ఐదో తిప్పుకి కాదంబరిగారి మొదటి తుమ్ము. ఆపైన ఎవరు ఎన్ని తుమ్మారో భగవంతుడికెరుక. సూపరింటెండెంటుగారి కళ్ళజోడు ఎగిరి పిండిడబ్బాలో పడింది. కాదంబరిగారు గోడ పట్టుకుని, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య “అమ్మో, నాయనో” అన్నారు. డాక్టరమ్మ తుమ్ముతూనే నవ్వు ఆపుకోలేకపోయింది. వరహాలమ్మ మర ఆపి, వాళ్ళను ఒక్కొక్కర్నీ రెక్క పట్టుకుని బయటికి తెచ్చి, ముఖాల మీద నీళ్ళు కొట్టింది.

“చూసేరాండి? మా వోడు ఒక్కటే తుమ్మేడు. ఇప్పుడు నమ్ముతారాండి?” ఆవిడ ముఖంలో ఎన్నాళ్ళకో వెలుగొచ్చింది.

“నమ్మాను,” అన్నారు కుక్కుటేశ్వరరావుగారు ముక్కు తుడుచుకుంటూ. “మీ వాదన నూటికి నూరుపాళ్ళూ రుజువైంది. కేంద్రానికి పోగానే సంతకం...” అని ఆగిపోయారు.  “డాక్టరుగారూ, మనం విధుల్లో తుమ్మాం.”

“తుమ్మాం సార్. కారానికి.”

“కారణం తర్వాత తేలుతుంది. ముందు గది. నావి అన్నీ జంటలే, నాకు గుర్తుంది.”

“ఆఖరిది ఒంటిదే, నేను విన్నాను” అన్నారు కాదంబరిగారు.

“మీది కూడా ఒంటిదే.”

“అయితే పదండి. నిబంధన మనకొకటీ పిల్లికొకటీ కాదు” అన్నారు కాదంబరిగారు. ఆవిడ కన్నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి గనక ఆ మాట వీధిలో జనానికి బాగా నచ్చి చప్పట్లు కొట్టారు.

ముగ్గురూ వెళ్ళి గదుల్లో కూర్చున్నారు. గవర్రాజు చేతులు కట్టుకుని ఊచల బయట నిలబడ్డాడు. వరహాలమ్మ విడుదల ఉత్తర్వు కోసం అతని పక్కనే నిలబడింది.

“బాబుగారూ, ఆ సంతకమేదో లోపల్నించే పెట్టేయండి.”

“పరిశీలనలో ఉన్నవాడు సంతకం పెడితే చెల్లదమ్మా. ఆ కలం మీద కూడా వైరస్ ఉన్నట్టే లెక్క. నేను చార్జి అప్పగించాలి. అప్పగించాలంటే కేంద్రం రికార్డుల్లో పేరుండి, పరిశీలన గడువంతా ఒక్కసారి కూడా తుమ్మనివాళ్ళు కావాలి. ఎవరైనా ఉన్నారా, గవర్రాజూ?”

గవర్రాజు గోడకు తగిలించిన పలక చూశాడు. “మనుషులు లేరండి. అందరూ తుమ్మేరండి. నేను కిందటివారం పడిశం పట్టి తుమ్మేను గదండి, మీరే క్షమించేరు.”

“పిల్లులు?”

“అవీ తుమ్మేయండి. ఒక్క దొరబాబు తప్ప.”

 కుక్కుటేశ్వరరావుగారు ఊచలు పట్టుకుని ఎదుటిగది వంక చూశారు. దొరబాబు వెల్లకిలా పడుకుని తోక చివర చూసుకుంటున్నాడు. వచ్చిననాటినుంచి తుమ్మలేదు. అరవలేదు. సెలవు అడగలేదు. పూర్తి హాజరు. ఇన్నాళ్ళూ ఏ గుణం అతన్ని ప్రమాదకరుణ్ణి చేసిందో, ఆ గుణమే ఇప్పుడు యోగ్యత అయి కూర్చుంది.

“వేరే మార్గం లేదు” అన్నారు సూపరింటెండెంటుగారు.  “గవర్రాజూ, కుర్చీ తుడువు.”

“సార్, అది పిల్లి!” అంది డాక్టరమ్మ పక్కగదిలోంచి.

“డాక్టరుగారూ, ఇది మార్జాల కేంద్రం. ఇన్నాళ్ళూ మనుషులు నడపడమే విడ్డూరం.”

“నాయకత్వంలో భాగస్వామ్యం! ఎన్నాళ్ళ కల!” అని కాదంబరిగారు చప్పట్లు కొట్టారు.

దొరబాబును గదిలోంచి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. స్టాంపు ప్యాడు మీద అతను చెయ్యి వేసి, ఆ చెయ్యి తెల్లకాగితం మీద పెట్టి ఒళ్ళు విరుచుకున్నాడు. దాంతో చార్జి తీసుకున్నట్టయింది. వరహాలమ్మ సంబరంగా ముందుకెళ్ళి ఎత్తుకోబోయింది. గవర్రాజు అడ్డం వచ్చాడు.

“ముట్టుకోకూడదమ్మా. ఇప్పుడాయన అయ్యగారు.”

“ఏంట్రా నీ మొహం! నా పిల్లి. ఇందాకే విడుదలన్నారు గదా!”

“విడుదల రోగికమ్మా. ఆఫీసర్ని ఎవరు విడుదల చేస్తారు? బదిలీ అయినా అవ్వాలి, రిటైరయినా అవ్వాలి.”

వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఇంటికొచ్చింది. దారిపొడుగునా జనం ఆవిడ్ని ఆపి మరీ అభినందించారు. “అదృష్టమంటే నీదే వరహాలూ, మీ వోడికి గవర్నమెంటు ఉద్యోగమంట గదా!” అన్నారు. పక్కింటి కనకదుర్గ తన తమ్ముడి సంగతి కాస్త దొరబాబు చెవిన వేయమంది. ఎదురింటి షావుకారు మొగుడూ పెళ్ళాం పళ్ళెంలో యాపిల్ పళ్ళు పెట్టుకుని వచ్చారు. వాళ్ళ అబ్బాయి తాత్కాలికపు ఉద్యోగం పర్మనెంటు చేయించాలట. వరహాలమ్మ ఆ పళ్ళెం వాళ్ళ చేతికే ఇచ్చి తలుపేసుకుంది. ఇంతకాలం వాడు ఖైదీ, విడిపించొచ్చన్న ఆశ ఉండేది. ఇప్పుడా ఆశ కూడా పోయింది.

ఆఖరి ప్రయత్నంగా ఆవిడ పురపాలక కమీషనరుగారిని కలుద్దామని ఆఫీసుకు పోయింది. గది తెరిచే ఉంది. ఫ్యాను తిరుగుతోంది, కుర్చీకి తువ్వాలు వేసి ఉంది. మనిషి లేడు.

“అయ్యగారు కేంపు” అన్నాడు గుమ్మంలో బంట్రోతు.

“ఎక్కడికెళ్ళేరండి?”

“కేంపుకి.”

“ఎప్పుడొస్తారండి?”

బంట్రోతు ఆవిడ అజ్ఞానానికి జాలిపడ్డాడు. “ఆఫీసరు కేంపుకెళ్తే ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తారు అని అడక్కూడదమ్మా. ఆరు నెల్లయినా అడక్కూడదు. ఎక్కడుంటే అదే ఆఫీసు.”

వరహాలమ్మ రెండడుగులు వేసి ఆగిపోయింది. “ఏ ఆఫీసరైనా అంతేనా బాబూ?”

“ఏ ఆఫీసరైనా అంతే.”

ఆవిడ పరుగులాంటి నడకతో కేంద్రానికొచ్చింది. దొరబాబు కుర్చీలో నిద్రపోతున్నాడు. ఎదురుగా బల్ల మీద కాగితాల దొంతర పేరుకుపోయి ఉంది. ఆవిడ తిన్నగా వెళ్ళి వాణ్ణి భుజాన వేసుకుంది. వాడు కళ్ళు తెరవకుండానే మెడలో ముఖం దూర్చాడు. ఆవిడకు కళ్ళు చెమ్మగిల్లాయి గానీ గొంతు మాత్రం గట్టిగా పెట్టింది.

“గవర్రాజూ, అయ్యగారు కేంపు.”

గవర్రాజు ఎగిరి నిలబడి సెల్యూట్ కొట్టాడు. “ఎక్కడికని రాసుకోమంటారమ్మా?”

“అడక్కూడదు.”

“ఆయ్, తప్పయిపోయిందండి” అని చెంపలేసుకుని జీపు తలుపు తీశాడు.

పిండిమరలో దొరబాబు వచ్చిన రోజే రెండు ఎలకలు పట్టాడు. వరహాలమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, లేని రోజుల కబుర్లన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఆ రోజు ఆవిడ కడుపునిండా తింది. ఎవరూ వెతుక్కుంటూ రాలేదు. కమీషనరుగారు కూడా కేంపులోనే ఉన్నారు.

వారం గడిచాక గవర్రాజు వచ్చాడు. చంకలో ఎర్రటేపు కట్టిన ఫైలు, స్టాంపు ప్యాడు. చెప్పులు వాకిట్లో విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“అమ్మా, అయ్యగారు తీరిగ్గా ఉన్నారాండి?”

“ఏం పని?”

“మన సూపరింటెండెంటుగారు, కాదంబరమ్మగారు, డాక్టరుగారు, వాళ్ళ గడువు తీరిపోయిందండి. విడుదల ఉత్తర్వు మీద అయ్యగారి చెయ్యి పడాలండి. సూపరింటెండెంటుగారు ఏడుస్తన్నారండి. పాలు పడ్డం లేదంట.”

వరహాలమ్మకు ఒక్క క్షణం కసి రగిలింది. తను ఆ ఊచల ముందు నిలబడ్డ రోజులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఉండనీ, నాలుగు రోజులు ఉండనీ అనుకుంది. మళ్ళీ డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఆ పిల్ల ఏం పాపం చేసింది? సూపరింటెండెంటు మాత్రం ఏం, వెర్రిమనిషి. ఇంటి దగ్గర ఆయన కోసం ఎవరో అన్నం కలిపి ముద్ద పక్కన పెట్టుకునే ఉంటారు.

“ఇలా తే” అంది. బియ్యం బస్తాల మీద పడుకున్న దొరబాబు పక్కన కూర్చుని, “నాయనా, ఒక్క చెయ్యి వేసెయ్యి, పోనీలే పాపం” అని ముంజేయి పట్టుకుంది. గవర్రాజు వంగి స్టాంపు ప్యాడు మూత తీశాడు.

దొరబాబు ఆ సిరా వాసన చూశాడు. ఫైలు వంక చూశాడు. చెయ్యి లాక్కుని, లేచి, ఫైలు మీదనుంచి నడిచి, బస్తాల వెనక్కి వెళ్ళి, అటు తిరిగి పడుకున్నాడు. వరహాలమ్మ ఎంత పిలిచినా తోక కూడా కదపలేదు.

“అయ్యో, రాడే! బాబూ, కాసేపాగి మళ్ళీ చూద్దాం” అందావిడ నిజంగానే నొచ్చుకుని.

గవర్రాజు అప్పటికే స్టాంపు ప్యాడు మూసి, ఫైలుకు టేపు కట్టేస్తున్నాడు. ముఖంలో విసుగు లేదు. సర్వీసంతా ఇలాంటివి చూసినవాడి నిబ్బరం ఉంది.

“పర్లేదమ్మా, అర్థమైంది” అన్నాడు బస్తాల వైపు వంగి దండం పెట్టి. “అయ్యగారు మరిన్ని వివరాలు కోరుతున్నారు.”